జీలకర్ర అన్న మాట

గ్లోరీ మేడమ్ గొంతెత్తితే మైకు దండగ అనేవాళ్లు ఆ బడిలో. కేతేపల్లి దాటి హైవే దిగి మట్టిరోడ్డున లోపలికి పోతే, వరి పొలాల మధ్య మూతబడిన ఇంజినీరింగ్ కాలేజీ ఒకటి కనిపిస్తుంది. పిల్లలు దొరకక యజమానులు తాళం వేసుకుంటే, తెలంగాణ వచ్చాక సర్కారు దాన్ని కిరాయికి తీసుకుని ఆడపిల్లల గురుకులం పెట్టింది. బోర్డు మారింది గానీ లోపల తలుపుల మీద ‘మెకానికల్ ల్యాబ్’, ‘వర్క్‌షాప్’ అన్న అక్షరాలు అట్లాగే ఉన్నాయి. ఐదో తరగతి పిల్లలు ఆ మెకానికల్ ల్యాబ్‌లోనే నేల మీద చాపలు పరుచుకుని, తలాపున రేకుపెట్టెలు పెట్టుకుని పడుకునేవాళ్లు. మంచాలు వస్తాయని చెబుతూనే ఉన్నారు. గోడ అడుగున పాత యంత్రాల నీళ్లు పోవడానికి వేసిన గొట్టం ఒకటి పొలంలోకి తెరుచుకుని ఉండేది. దానికి మూత పెట్టించాలని ప్రతి ఏడూ అనుకునేవాళ్లు. అనుకోవడంలో మన బడులకు లోటు లేదు.

గ్లోరీ అక్కడ తెలుగు టీచరు, పైగా వార్డెన్. ఈ రెండూ ఆమెకు జీతమిచ్చే పనులు. ఆమెకు ఇష్టమైన పని మూడోది ఒకటుంది. పొద్దున ప్రార్థన, ప్రతిజ్ఞ అయ్యాక ‘మన బడి వార్తలు’ అంటూ మైకు ముందుకు వచ్చేది. పేపర్లోని వార్తలు చదవడానికి వేరే పిల్ల ఉండేది, వాటిని ఎవరూ వినరు. గ్లోరీ చెప్పేవి ఇంటి వార్తలు. లెక్కల మేడమ్‌కు సంబంధం కుదిరింది. ఎనిమిదో తరగతి సునందా వాళ్ల బర్రె ఈనింది, ఆడదూడ. వాచ్‌మన్ ఎల్లస్వామి మోకాలి ఆపరేషన్ చేయించుకుని తిరిగి వచ్చాడు, గోడ దూకే ఆలోచన ఉన్నవాళ్లు మానుకోవాలి. అమ్మానాన్నలను వదిలి వచ్చిన పిల్లలు పొద్దున్నే ఒకసారి పొట్ట చెక్కలయ్యేలా నవ్వితే, ఆ రోజుకు బెంగ తగ్గుతుందని ఆమె లెక్క. ఆ లెక్క తప్పు కాదు. చెడ్డ వార్తలు మాత్రం ఆ మైకులో ఎప్పుడూ వినిపించేవి కావు. పిల్లల్ని భయపెట్టి ఏం లాభం అనేది.

ఆ గొంతు ఆమెకు తండ్రి ఇచ్చింది. రామన్నపేట పక్కన ఒక పల్లెలో డానియల్ అని కూలిమనిషి ఉండేవాడు. వారమంతా ఎవరి పొలంలోనో నడుం వంచిన మనిషి, ఆదివారం పూట చర్చిలో బైబిలు చేతబట్టి నిటారుగా నిలబడి చదివేవాడు. గ్లోరీ తల్లి సుక్కమ్మ నాట్లకు పోయేది. నాయనమ్మ జానమ్మ మాత్రం చర్చికి పోయేది, పోచమ్మ గుడికీ పోయేది. ఏ దేవుడికి ఎప్పుడు కోపమొస్తుందో ఎవరికి తెలుసని ఆమె వాదన.

ఆ ఇంట్లో ఒక మాట మీద తల్లీకొడుకులకు రోజూ తగవే. మన వైపు పొలాలకూ మందలకూ పోయేవాళ్లు పామును పాము అనరు. పేరు తీస్తే పిలిచినట్టేనని భయం. పురుగు అంటారు. కరిచింది అని కూడా అనరు, పురుగు ముట్టింది అంటారు. జానమ్మ చచ్చినా ఆ పేరు పలికేది కాదు. డానియల్‌కు అది నచ్చేది కాదు. "దేవుడు చేసిన జీవాలకు పేర్లు పెట్టింది ఆదాము. ఆ పేరు పెట్టి పిలువనీకి మనకేం భయం? పాము అను బిడ్డా, జర గట్టిగ అను" అని గ్లోరీతో అనిపించేవాడు. చిన్నపిల్ల ఇల్లెగిరిపోయేలా "పాము" అని అరిచేది. జానమ్మ చెవులు మూసుకుని గడప దిగి పోయేది.

అట్లా ఆ ఇంట్లో పాము పామైంది. పురుగు అన్న మాటకు గ్లోరీ చెవిలో వేరే అర్థం కుదురుకుంది. ఐదో తరగతి నుంచే హాస్టల్లో పెరిగిన పిల్ల. అన్నంలో తెల్లపురుగులను వేలితో పక్కకు నెట్టి, కండ్లు మూసుకుని మింగిన పిల్ల. అదే అన్నం తిని బీఈడీ దాకా చదివి, పరీక్ష రాసి, గురుకులంలో ఉద్యోగం తెచ్చుకుంది. పురుగు అంటే ఆమెకు బియ్యంలోది, ఉప్మాలోది, పప్పులోది.

ఆ ఏడు బడి తెరిచిన కొత్తలో ఎవరో తీసిన ఫొటో ఒకటి పేపర్లో వచ్చింది. ఉప్మా ప్లేటు, దాని మీద ఎర్రగీతతో చుట్టిన నల్లచుక్క. ‘గురుకులం ఉప్మాలో పురుగులు’ అని పెద్ద అక్షరాలు. పైనుంచి అధికారులు కార్లలో వచ్చారు, బియ్యం సంచులు విప్పారు, వంటమనిషి బాలనర్సమ్మను నిలబెట్టి అడిగారు, ప్రిన్సిపాల్ మేడమ్‌కు మెమో ఇచ్చి పోయారు. ప్రిన్సిపాల్ చెడ్డ మనిషేం కాదు. ఇంకొంతకాలం మచ్చ లేకుండా గడిపితే హైదరాబాదు దగ్గరికి బదిలీ అవుతుందని ఆశ పెట్టుకున్న మనిషి. ఆ సాయంత్రం గ్లోరీని పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"గ్లోరీ, బియ్యం నేను మార్పిస్త. గని ఆ మాట మాత్రం ఈ క్యాంపస్‌ల మళ్ల వినవడొద్దు. గేటు బయట ఎవడో ఒకడు చెవులు పెట్టుకొని కూసుంటుండు. పిల్లలు నీ మాట వింటరు. నువ్వే చూసుకో."

గ్లోరీ చూసుకుంది. కోపంతో కాదు, నవ్విస్తూ. మర్నాడు వార్తల్లో, "మన బడిలో ఒక మాటకు టీసీ ఇచ్చి పంపించేశాం. అది ‘పు’తో మొదలై ‘గు’తో ముగుస్తుంది. ఎవరి నోట్లోనైనా ఆ మాట దాక్కుందని తెలిస్తే, వాళ్లు డైనింగ్ హాల్ ఊడ్వాలి" అంది. ప్లేటులో ఏదైనా కనిపిస్తే ఏమనాలని ఒక గడుగ్గాయి అడిగింది. గ్లోరీ ఒక్క క్షణం ఆలోచించి, "జీలకర్ర అనండి. బాలనర్సమ్మ అక్క సంతోషిస్తది" అంది. గ్రౌండంతా ఘొల్లుమంది.

పిల్లలకు అట్లాంటి ఆట దొరికితే వదులుతారా? ఇయ్యాల ఉప్మాల జీలకర్ర నడుస్తాంది అనేవాళ్లు. జీలకర్రకు రెక్కలొచ్చినయి మేడమ్ అనేవాళ్లు. బియ్యం మారాయి, నిజంగానే కాస్త బాగుపడ్డాయి. మాట కూడా పోయింది. ఎప్పుడో అలవాటు కొద్దీ నోరు జారినవాళ్ల చేతికి చీపురు వచ్చేది. కొందరు కంచం ముందు అని దొరికిపోయారు, కొందరు బాత్రూముల దగ్గర, కొందరు ఇంకెక్కడో. గ్లోరీ ఎక్కడ అన్నారో పట్టించుకోలేదు, ఏమన్నారో మాత్రమే పట్టించుకుంది. పిల్లలు మూతి ముడిచి ఊడ్చి, నవ్వుకుంటూ పోయేవాళ్లు. ప్రిన్సిపాల్ మేడమ్ ఆమెను మెచ్చుకుంది. గ్లోరీకి ఆ మెప్పు బాగానే ఉంది.

వానలు పడ్డాక, రెండో జాబితాలో సీటు వచ్చి ఒక పిల్ల ఆలస్యంగా చేరింది. పేరు భాగ్యలక్ష్మి. గొర్లు కాసే ఇల్లు. తండ్రి జానయ్య మందతో కృష్ణ ఒడ్డు వైపు పోయి ఉన్నాడు, అందుకని నాయనమ్మ బక్కమ్మ తీసుకొచ్చింది. పిల్ల పెద్ద కండ్లతో బిల్డింగ్ అంతస్తులను లెక్కపెడుతూ నిలబడింది. బక్కమ్మ మాత్రం అంతస్తులు చూడలేదు. నేల చూసింది, గోడల మొదళ్లు చూసింది, బిల్డింగ్‌ను ఆనుకుని పెరిగిన గడ్డి చూసింది.

"బిడ్డా, ఈడ పురుగుల బాధ ఏమన్న ఉన్నదా?" అని అడిగింది గొంతు తగ్గించి.

గ్లోరీకి ఒళ్లు మండింది. పేపరు వార్త గొర్లమందల దాకా పోయిందా అనుకుంది. "అవన్ని పేపరోళ్ల మాటలు అవ్వా. గసొంటియి ఏం లేవు. ఒక్కటి సుత లేదు. నువ్వు ఫికర్ చెయ్యకు" అంది.

"ఒక్కటి సుత లేదా?" అంది బక్కమ్మ, కొంచెం ఆశ్చర్యంగా. చుట్టూ వరి, పక్కన కాల్వ, ఇంత గడ్డి. అయినా చదువుకున్న మేడమ్ చెబుతోంది, ఏ మందో చల్లి ఉంటారనుకుంది కాబోలు. పిల్ల తల నిమిరి, "మేడమ్ చెప్పినట్టు ఇను" అని అప్పజెప్పి పోయింది.

భాగ్యలక్ష్మి చెప్పినట్టు వినే పిల్లే. మరీ ఎక్కువగా వినే పిల్ల. రాత్రిళ్లు మంద దగ్గర నాయనమ్మ పక్కన పడుకుని పెరిగింది. ఒకసారి తెలియక ఆ పేరు పలికితే, ఎన్నడూ చెయ్యెత్తని బక్కమ్మ నోటి మీద కొట్టిందట. అప్పటి నుంచి కలలో కూడా అనదు. ఇక్కడికి వచ్చాక రెండో మాట కూడా అనకూడదని తోటి పిల్లలు చెప్పారు. ఎందుకని అడగలేదు. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి అనుకుని తల ఊపింది. ఆ పిల్లకు ఇక ఆ జీవిని పిలవడానికి మాటే మిగల్లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆగస్టులో ముసురు పట్టింది. పొలాలు నిండి నీళ్లు ప్రహరీ దాకా వచ్చాయి. అప్పుడే ఒక మంచి వార్త పుట్టింది. ఆ బడిలో ఎలుకలు అంటే మామూలు ఎలుకలు కావు. స్టోర్ రూంలో సంచులు కొరికేవి, పెట్టెల సందుల్లో పిల్లలు పెట్టేవి, రాత్రి పిల్లల జడలు కూడా కొరికేవి. ఆ ఎలుకలు ఉన్నట్టుండి తగ్గిపోయాయి. బాలనర్సమ్మ తాను పెట్టిన బోన్ల మహిమ అంది. ఎల్లస్వామి తాను తెచ్చిన పిల్లి మహిమ అన్నాడు. పిల్లి కనిపించక వారం దాటిందని ఎవరో అంటే, తిని తిని బలిసి ఎక్కడో పడుకుందన్నాడు. స్టోర్ రూంలో ఇప్పుడు చప్పుడే లేదు. మెకానికల్ ల్యాబ్‌లో కూడా రాత్రిళ్లు పెట్టెల వెనుక ఏ చప్పుడూ లేదు. పిల్లలు హాయిగా నిద్రపోతున్నారని గ్లోరీ సంతోషించింది. దీన్ని తప్పకుండా వార్తల్లో చెప్పాలనుకుంది.

ఆ పొద్దున ముసురు కొంచెం తెరిపిచ్చింది. లేచే గంట కొట్టారు. గ్లోరీ వరండాలో నిలబడి, పండ్లు తోమడానికి పోయే పిల్లల్ని తొందరపెడుతోంది. భాగ్యలక్ష్మి గుంపులోంచి పక్కకు వచ్చి ఆమె ముందు నిలబడింది. ఎడమచెవి కింద వేలితో నొక్కి పట్టుకుని ఉంది.

"మేడమ్, పురుగు..."

గ్లోరీ చెయ్యెత్తింది. చుట్టూ ఉన్న పిల్లలు అప్పటికే కిసకిస నవ్వుతున్నారు.

"ఏమన్నవ్? మళ్ల అను."

పిల్ల నోరు తెరిచింది, మూసింది. పక్కనున్న పిల్ల "చీపురు, చీపురు" అని మోచేత్తో పొడిచింది.

"కొత్తగొచ్చినవని ఇన్ని రోజులు ఊకున్న. పో, డైనింగ్ హాల్ ఊడ్చి రా. ఆ తర్వాత మంచి మాట నేర్చుకొని చెప్పు, అప్పుడు వింట" అంది గ్లోరీ. నవ్వుతూనే అంది. పిల్ల బుగ్గ కూడా గిల్లింది.

భాగ్యలక్ష్మి డైనింగ్ హాల్ ఊడ్చింది. ఆ సంగతి తర్వాత బాలనర్సమ్మ ఏడుస్తూ చెప్పింది. సగం ఊడ్చి కడుపు పట్టుకుని కూర్చుందట. ఆకలేమో అని గ్లాసులో రాగిజావ పోసి ఇస్తే, మింగుడు పడక పెదవుల పక్క నుంచి కారిపోయిందట. అలిగి ఉమ్మేస్తోంది అనుకుని బాలనర్సమ్మ ఒక మాట కూడా అన్నదట. పిల్ల మళ్లీ లేచి, చీపురు పట్టుకుని, మిగిలిన సగం ఊడ్చి, చెత్త ఎత్తి, చీపురు ఎక్కడిది అక్కడ పెట్టి వచ్చింది.

గ్రౌండ్‌లో వరుసలు నిలబడ్డాయి. ప్రార్థన అయింది. గ్లోరీ మైకు ముందుకు వచ్చింది. పీఈటీ మేడమ్ అక్కకు కొడుకు పుట్టాడు, పాయసం బాకీ. తొమ్మిదో తరగతి ఖోఖో జట్టు జిల్లా పోటీలకు పోతోంది. "ఇక అసలు వార్త. మన బడిలో ఎలుకలు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాయి. బాలనర్సమ్మ అక్కకు చప్పట్లు." చప్పట్లు మోగాయి. అంతలో భాగ్యలక్ష్మి వచ్చి ఐదో తరగతి వరుస చివర నిలబడింది. అందరి చేతులూ చప్పట్లు కొడుతుంటే ఆ పిల్ల చేతులు వేలాడుతున్నాయి. కనురెప్పలు సగానికి దిగి ఉన్నాయి. వాటిని పైకి లేపడానికి తల వెనక్కి వంచి చూస్తోంది.

"భాగ్యలక్ష్మి అమ్మగారికి ఇంకా తెల్లవారలేదు" అంది గ్లోరీ మైకులో. "కండ్లు తెరువు తల్లీ, సూర్యుడు నీ కోసం ఎదురుచూస్తున్నాడు." బడి మొత్తం వెనక్కి తిరిగి చూసి నవ్వింది.

వరుసలు విడిపోయాక ఆ పిల్ల గ్లోరీ వైపు నడిచి వచ్చింది. అడుగు ఒకచోట వేయబోయి ఇంకోచోట వేస్తోంది. గ్లోరీ కొంగు పట్టుకుంది. మాట ముక్కులోంచి వచ్చింది, ముద్దముద్దగా.

"మేడమ్... జీలకర్ర ముట్టింది."

గ్లోరీ నవ్వబోయి ఆగింది. జీలకర్ర కంచంలో ఉంటుంది, పంటికి తగులుతుంది, పప్పులో తేలుతుంది. జీలకర్ర ముట్టదు. బియ్యంలోది ఏదీ మనిషిని ముట్టదు. ముట్టేది ఒక్కటే. ఎప్పుడో చచ్చిపోయిన జానమ్మ గొంతు చెవిలో స్పష్టంగా వినిపించింది. "మీ చిన్నతాతకు మోటకాడ పురుగు ముట్టింది బిడ్డా. పొద్దు గూకకముందే పాయె." ఇన్నేళ్లు ఏ పెట్టెలో మూతబెట్టి ఉందో ఆ మాట, తన నాయనమ్మ మాట, ఈ పిల్ల పొద్దున్నే తెచ్చి చేతిలో పెడితే, తను నవ్వుకుని చీపురు ఇచ్చింది. గ్లోరీ వంగి పిల్ల చెవి కింద చూసింది. దోమ కుట్టినంత కూడా లేదు.

"ఎప్పుడు బిడ్డా? ఏడ?"

"పండుకున్నప్పుడు. దుప్పట్ల నుంచి... పెట్టెల ఎనకకు పోయింది."

గ్లోరీ పిల్లను ఎత్తుకుని ఆఫీసుకు పరిగెత్తింది. ప్రిన్సిపాల్ మేడమ్ సంగతి విని తెల్లబోయింది. భయపడ్డ మనిషికి ముందు తన భయమే కనిపిస్తుంది. "గాటు లేదు గద గ్లోరీ. కడుపునొప్పే అయితదేమో. అంబులెన్స్ గేట్ల నిలవడితే అరగంటల పేపరోళ్లు వస్తరు. నర్సును పిలుద్దాం, జర ఆగు" అంది. గ్లోరీ ఆగలేదు. జవాబు చెప్పడానికి కూడా ఆగలేదు. గేటు దగ్గర కూరగాయల ఆటో దింపుడు అవుతోంది. వంకాయల బస్తా ఒకటి కిందికి తోసి, పిల్లను ఒళ్లో పెట్టుకుని ఎక్కింది. ఎల్లస్వామి కుంటుకుంటూ గేటు తీశాడు.

దారంతా పిల్ల తల గ్లోరీ భుజం మీద నిలవలేదు. ఇటు ఆన్చితే అటు వాలింది. "మాట్లాడు బిడ్డా, మీ గొర్రెపిల్లల పేర్లు చెప్పు" అంటే మొదట్లో ఒకటి రెండు పేర్లు చెప్పింది. హైవే ఎక్కేసరికి పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. గ్లోరీ ప్రార్థన చేద్దామనుకుంది. తండ్రి నేర్పిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

హైవే పక్క దవాఖానలో కుర్ర డాక్టరు ఉన్నాడు. బడి పేరు చెప్పగానే అతని ముఖం మారింది. "ఉప్మా స్కూలా? ఎంతమందికి వాంతులైతున్నయి?" అన్నాడు. ఆయన తప్పేం లేదు, పేపరు ఆయన కూడా చదువుతాడు.

"ఉప్మా కాదు సార్. పాము" అంది గ్లోరీ.

"చూసిండ్రా? గాటు కనవడ్తలేదు." పిల్ల మీదికి వంగి, "ఏం కరిచింది పాపా?" అన్నాడు.

పిల్లకు వినిపించింది. కనురెప్పలు లేవలేదు గానీ తల అడ్డంగా ఊపింది. గ్లోరీ చెవి ఆ పెదవుల దగ్గర పెట్టింది. గాలి లాంటి మాట. "పేరు తీస్తే... వస్తది."

గ్లోరీ సెల్లు మోగుతోంది. ప్రిన్సిపాల్ మేడమ్. తీసి చూసి దాని నోరు నొక్కి పడేసింది. పిల్ల చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "నువ్వు తియ్యకు బిడ్డా. నేను తీస్త. మీ అవ్వ నన్ను కొడ్తది, నిన్ను కొట్టది. పాము. పామే ముట్టింది. ఔనంటే నా ఏలు వత్తు."

వేలి మీద ఒత్తిడి తగిలిందో లేదో తెలియనంత తేలికగా తగిలింది. డాక్టరు ఇక ఏమీ అడగలేదు. రెప్పలు ఎత్తి చూసి, గొంతు చూసి, గాటు కనిపించకుండా కరిచే కట్లపాము అయి ఉంటుందని నర్సును కేకేశాడు. విషానికి మందు ఎక్కించారు. కాసేపటికి పిల్ల ఊపిరి తీయడం మరిచిపోసాగింది. గొంతులోకి గొట్టం వేసి, అంబులెన్స్‌లో పెద్ద దవాఖానకు పంపారు. అక్కడ మిషను పిల్ల బదులు ఊపిరి తీసింది.

పొద్దు వాలాక బక్కమ్మ వచ్చింది. జానయ్య ఇంకా దారిలోనే ఉన్నాడు. ముసలమ్మ అద్దం తలుపులోంచి మనవరాలిని, మిషనును, గొట్టాలను చాలాసేపు చూసింది. ఏడవలేదు. వెనక్కి తిరిగి గ్లోరీ ముందు నిలబడింది.

"నిన్ను అడిగిన గద బిడ్డా. పురుగుల బాధ ఉన్నదా అని అడిగిన. ఒక్కటి సుత లేదంటివి."

గ్లోరీ ఏం చెప్పాలి? అవ్వా, నువ్వన్న పురుగు వేరు, నేనన్న పురుగు వేరు అని చెప్పాలా? నిజమే అది. ఆ నిజం చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది. తన గొంతు ఎంత పెద్దదైతేనేం, తన చెవి ఇంత చిన్నదని ఆ రోజే తెలిసింది ఆమెకు. బక్కమ్మ కాళ్ల దగ్గర కూలబడి, ముఖం మోకాళ్లలో దాచుకుని ఏడ్చింది. ముసలమ్మ ఆమెను ఊరడించలేదు, తిట్టనూ లేదు. పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.

ఈలోగా బడిలో మెకానికల్ ల్యాబ్ పెట్టెలన్నీ బయటపెట్టి వెతికారు. బ్లీచింగ్ పౌడరు చల్లారు. గొట్టానికి ఇటుక అడ్డం పెట్టారు. ఏమీ దొరకలేదు. ఎట్లా వచ్చిందో అట్లాగే పోయి ఉంటుందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పిల్లలు మళ్లీ అక్కడే చాపలు పరుచుకున్నారు.

ఆదివారం భాగ్యలక్ష్మి కండ్లు తెరిచింది. గొట్టం తీశాక తండ్రి వైపు చూసి, గొర్లను ఎవరు చూస్తున్నారని అడిగిందట. ఆ మాట విని జానయ్య దవాఖాన వరండాలో నిలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. గ్లోరీ ఆ రాత్రే బడికి తిరిగి వచ్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ కూడా ఆమెను చూసి కండ్లు తుడుచుకుంది. తర్వాత గొంతు సవరించుకుని, "రేపు వార్తలల్ల స్వల్ప అస్వస్థత అను చాలు. పిల్లలు భయపడ్తరు" అంది.

సోమవారం ప్రార్థన అయింది. గ్లోరీ మైకు ముందుకు వచ్చింది. ఐదో తరగతి భాగ్యలక్ష్మి కండ్లు తెరిచింది, మాట్లాడుతోంది, వచ్చే వారం మన దగ్గరికి వస్తుందని చెప్పింది. గ్రౌండ్ చప్పట్లతో దద్దరిల్లింది. ఆమె చప్పట్లు ఆగేదాకా నిలబడింది.

"ఆమెను కరిచింది పాము" అంది. ప్రిన్సిపాల్ మేడమ్ కుర్చీలో కదిలింది. "మన బడిలో, మీరు పడుకునే గదిలో. అది దొరకలేదు. మీలో ఎవరైనా పామును చూశారా?"

ఎవరూ కదల్లేదు. ఒకరి ముఖాలు ఒకరు కూడా చూసుకోలేదు. గొర్లు కాసే ఇండ్ల పిల్లలు, పొలాలకు పోయే ఇండ్ల పిల్లలు. ఆ మాట గాలిలోంచి తమ మీద పడుతుందేమో అన్నట్టు కొందరు తలలు దించుకున్నారు. ప్రిన్సిపాల్ మేడమ్ తేలిగ్గా ఊపిరి వదిలింది.

గ్లోరీకి అప్పుడు అర్థమైంది. మైకు పక్కకు జరిపి, మామూలు గొంతుతో, తమ ఊరి మాటతో అడిగింది.

"బిడ్డా, ఎవలన్న పురుగును చూసిండ్రా? చెప్పుండ్రి. ఎవల్నీ ఏమనను."

మొదట ఆరో తరగతి వరుసలో ఒక చెయ్యి లేచింది. తర్వాత ఐదో తరగతిలో రెండు. తర్వాత వెనక వరుసల్లో, అక్కడొకటి, ఇక్కడొకటి. ఒక పిల్ల బాత్రూముల కాడ అంది. ఒక పిల్ల స్టోర్ రూంల సంచుల మీద అంది. ఇంకో పిల్ల, అది పెద్దది కాదు మేడమ్, చిన్నయి, నాలుగైదు ఉండె అంది. మైకు లేకున్నా అందరికీ వినిపించింది.

లేచిన చేతుల వెంట గ్లోరీ చూపు ఒక్కొక్క ముఖం మీదికి పోయింది. ఆ ముఖాలు ఆమెకు బాగా గుర్తున్నాయి. ఆ నెలంతా డైనింగ్ హాల్ ఊడ్చింది వాళ్లే.